మోడల్ ఎదుట విద్యార్థి: చిత్రకారులే గురువులైన తరగతిపై ఒక పరిశీలన

కిందటి విద్యా సంవత్సరం చివర మా విభాగంలో ఎం.ఏ. చదివే ఒక విద్యార్థిని తన డ్రాయింగు పుస్తకం తెచ్చి మా బల్ల మీద పెట్టింది. వాళ్ళది నాలుగు తరాలుగా చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇద్దరు చిత్రకారులు కలిసి ఆదివారాల్లో నడిపే తరగతికి వెళ్ళి, ఎదుట నిలిచిన మనిషిని చూసి గీయడం నేర్చుకుంటున్నదట. బొమ్మలు బాగానే ఉన్నాయి. రేఖలో తడబాటు తక్కువ. అయితే పదిహేను ఇరవై పుటలు తిప్పేసరికి మాకొక సందేహం కలిగింది. ముసలివాడైనా, నడివయసు స్త్రీ అయినా, కండలు తిరిగిన యువకుడైనా, అందరి భుజాలూ ఒకే విధంగా చెవుల వైపు కొంచెం లేచి అక్కడినుంచి కోణంగా దిగుతున్నాయి. ఆ భుజాలు మాకు పరిచితమైనవే. ఆమె గురువుగారి చిత్రప్రదర్శన అంతకు కొన్ని నెలల ముందు చూసి ఉన్నాము. ఆ కాన్వాసుల నిండా ఉన్నవి ఆ భుజాలే.

ఈ అమ్మాయి నేర్చుకున్నది మనిషి శరీరాన్నా, గురువుగారి గీతనా? ఆ మాటే అన్నాము. ఇది దోషమా అని ఆమె తిరిగి అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాము.

భాషాశాస్త్రంలో కాలం గడిపిన మాకు ఈ సమస్య మరొక రూపంలో తెలిసినదే. ఒక భాషను దానిని మాట్లాడే మనిషి దగ్గర నేర్చుకుంటే అతని యాస కూడా అంటుకుంటుంది. వ్యాకరణం చదివి నేర్చుకుంటే యాస బెడద ఉండదు కాని నోరు పెగలదు. అమ్మమ్మల నోట విన్న తెలుగును తర్వాత తరగతిలో గ్రంథాలతో సరిచూసుకునే మన విద్యార్థులకు ఈ సంగతి వివరించనక్కరలేదు. చిత్రకళలో ఇది ఎలా జరుగుతుందో చూడాలనిపించి, మా సహాధ్యాపకులొకరితో కలిసి పన్నెండు ఆదివారాలు ఆ తరగతిలో వెనక వరుసన కూర్చున్నాము. చూడడానికే వెళ్ళాము. మొదటి రోజే మా చేతికీ ఒక బొగ్గు ముక్క ఇచ్చారు.

ముందుగా పేరును గురించి ఒక మాట. లైఫ్ డ్రాయింగు అనే అభ్యాసానికి తెలుగులో నిలదొక్కుకున్న మాట లేదు. 'సజీవ చిత్రణ' అంటే ప్రాణం ఉట్టిపడే బొమ్మ అని అపార్థం వస్తుంది. 'నమూనా చిత్రణ' అంటే బట్టల దుకాణం గుర్తుకు వస్తుంది. చిత్రకళాశాలల్లో అందరూ అనేది లైఫ్ క్లాసు, మోడల్, పోజు. మేమూ ఆ మాటలే వాడుతున్నాము. అయితే క్రియాపదాల సంగతి వేరు. అక్కడ మన భాషల దగ్గర చాలా సరుకుంది. తమిళ 'వరై', కన్నడ 'బరె', తెలుగు 'వ్రాయు' ఒకే కుదురునుంచి వచ్చినవి. కన్నడిగుడు ఈనాటికీ అక్షరాన్నీ చిత్రాన్నీ ఒకే క్రియతో రాస్తాడు. తమిళంలో 'వరై' ఇప్పుడు ఎక్కువగా బొమ్మకే మిగిలింది. మన పాత కావ్యాల్లోనూ చిత్తరువు 'వ్రాయడమే'. తర్వాత మనం వ్రాతను అక్షరానికి కేటాయించి, బొమ్మను 'గీయడం', 'వేయడం' మొదలుపెట్టాము. మరాఠీవారు చిత్రాన్ని 'కాఢతారు', అంటే బయటికి తీస్తారు. ఒడియావారు 'ఆంకిబా' అంటారు, గుర్తు పెట్టడం. ముంబయిలోనో బరంపురంలోనో పెరిగిన మన విద్యార్థి ఇంట్లో బొమ్మ వేసి, వీథిలో బొమ్మ తీసి వస్తున్నాడన్న మాట. ఇది వట్టి మాటల సరదా కాదు. లైఫ్ క్లాసులో గురువులు పదేపదే చెప్పేది ఈ మూడు పనుల మధ్య తేడానే అని కొన్ని వారాలకు మాకు తెలిసింది.

తరగతి ఇలా సాగుతుంది. గది మధ్యలో మోకాలెత్తు చెక్క అరుగు ఉంటుంది. దాని చుట్టూ విద్యార్థులు గుర్రమెక్కినట్టు అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చునే పొడుగాటి బల్లలు. వీటికి డాంకీ అని పేరు. ఆ బల్ల ముందుకొమ్మును ఆనించి పలక పెట్టుకొని, దాని మీద కాగితం బిగిస్తారు. మోడల్ అరుగెక్కుతుంది. మొదటి అరగంటా చిన్న పోజులే: ముప్ఫై సెకన్లు, ఒక నిమిషం, రెండు నిమిషాలు. చేయి ఆడకముందే పోజు మారిపోతుంది. తర్వాత ఇరవై నిమిషాల పోజు. చివర రెండు గంటల పోజు, మధ్యమధ్య విరామంతో. విరామానికి ముందు అరుగు మీద మోడల్ పాదాల చుట్టూ సుద్దతో గీత గీస్తారు. తిరిగి వచ్చినప్పుడు ఆ గీతలోనే పాదం పెట్టాలి.

చిన్న పోజు ఎందుకో మొదట మాకు అర్థం కాలేదు. ముప్ఫై సెకన్లలో ఏమి గీస్తారు? ఏమీ గీయలేరు కనుకనే అది పెట్టారట. ముక్కూ చెవీ వేసే వ్యవధి లేనప్పుడు మనిషి ఏం చేస్తున్నదన్నది ఒక్కటే కాగితం మీదికి వస్తుంది. నిలబడిందా, వంగిందా, ఆనుకుందా, లాగుతున్నదా. న్యూయార్కులోని ఆర్ట్ స్టూడెంట్స్ లీగులో చాలాకాలం బోధించిన కిమోన్ నికొలాయిడెస్ ఈ పద్ధతిని ఒక క్రమంలో పెట్టారు. ఆయన పుస్తకం ఆయన మరణానంతరం 1941లో అచ్చయింది. 1875లో విద్యార్థులే పూనుకొని స్థాపించుకున్న ఆ లీగులో పాఠం చెప్పేవారు వృత్తి చిత్రకారులే. ఎవరి గదిలో వారిదే పద్ధతి. నచ్చిన గురువును విద్యార్థి ఎన్నుకోవచ్చు. మా ఆదివారపు తరగతి ఆ ఏర్పాటుకు చాలా దూరపు చుట్టం.

మా ఇద్దరు గురువుల్లో ఒకరు చిత్రకారులు, ఒకరు శిల్పి. శిల్పి మోడల్ చుట్టూ తిరిగివచ్చి, మనకు కనపడని వీపు ఏం చేస్తున్నదో చెప్పేవారు. చిత్రకారులు కదలకుండా ఒక కన్ను మూసి, నడుముకూ మోచేతికీ నడుమ మిగిలిన ఖాళీ ఏ ఆకారంలో ఉందో ముందు దాన్ని గీయమనేవారు. ఒకే కాగితం మీద ఒకరు దిద్దినదాన్ని మరొకరు దిద్దిన రోజులున్నాయి. శరీరం ఒక ముద్ద అని ఒకరు, శరీరం అంచుల కూడిక అని మరొకరు. మొదట్లో విద్యార్థులు తికమకపడ్డారు. మాకు మాత్రం ఇదే ఈ తరగతిలో అన్నిటికంటె విలువైన సంగతిగా కనిపించింది. ఆ విభేదం వాళ్ళు పుస్తకంలో చదివి తెచ్చింది కాదు. ఆ ఉదయం వాళ్ళ వాళ్ళ పనిలో ఎదురైన చిక్కునుంచి వచ్చింది.

ఇక్కడ మేము గమనించిన భాషావిశేషం ఒకటి చెప్పాలి. లోగడ ఒక కళాశాలలో గోడపటం వేలాడదీసి శరీరనిర్మాణం చెప్పే పాఠం ఒకటి విన్నాము. అందులో మాటలన్నీ నామవాచకాలే: ఫలానా కండరం, ఫలానా ఎముక. ఈ ఆదివారపు గురువుల మాటలు మా పుస్తకంలో రాసుకున్నాము. అధికభాగం క్రియలు. మోపు, జారు, దిగు, నొక్కు, లాగు, మోయు, ఆను. వాక్యం తమిళంలో మొదలై తెలుగులో ముగిసినా క్రియ మాత్రం స్పష్టంగా వినిపించేది. అన్నిటికంటె ఎక్కువసార్లు విన్న ప్రశ్న, బరువు ఏ కాలి మీద ఉంది అన్నది. తాపీమేస్త్రీ దారానికి గుండు కట్టి గోడ నిలువు చూసుకున్నట్టు, మోడల్ కంఠం కింది గుంట దగ్గర ఒక దారం వదిలినట్టు ఊహించుకోవాలి. మనిషి ఒంటికాలి మీద బరువు వేసి నిలిచినప్పుడు ఆ దారం ఆ కాలి మడమ దగ్గరికి దిగుతుంది. ఆ వైపు తుంటి పైకి లేస్తుంది. సాధారణంగా ఆ వైపు భుజం కిందికి దిగుతుంది. ఇది తెలియక గీసినవాడి బొమ్మ ఎంత ముచ్చటగా ఉన్నా పక్కకు పడిపోతూ ఉంటుంది.

మా బొమ్మ సంగతి దాచుకోవడం దేనికి? మేము మొదట కళ్ళు గీశాము. తర్వాత ముక్కు. కాగితం కింది అంచు వచ్చేసరికి మోకాళ్ళకు చోటు చాలలేదు. చిత్రకారులు చూసి, మీరు చూడకుండా చదువుతున్నారు అన్నారు. ఆ మాట మమ్మల్ని బాగా పట్టుకుంది. ముప్ఫై ఏళ్ళుగా ప్రబంధాలు పాఠం చెబుతున్న మాకు స్త్రీ శరీరం అంటే ఉపమానాల వరుస. కన్ను చేప, కంఠం శంఖం, తొడ అరటిబోదె. కేశాది పాదాంతం ఆ వరుస తెలుసు గాని, ఎదుట నిలిచిన మనిషి కంఠం శంఖంలా లేనప్పుడు ఏం చేయాలో తెలియదు. చూపు కంటె ముందే మాట పరుగెత్తుకు వస్తున్నది.

ఈ ఉపమానాలతోనే ఒక చిత్రశాస్త్రాన్ని నిర్మించవచ్చునని వాదించినవారు అవనీంద్రనాథ ఠాకూరు. భారతీయ శిల్పంలో శరీరనిర్మాణాన్ని గురించి 1914లో వెలువడిన ఆయన చిన్న పుస్తకంలో ముక్కు నువ్వుపువ్వు, గడ్డం మామిడి టెంక, మొండెం ఆవు ముఖం, మోకాలు పీతచిప్ప. బొమ్మలు వేసి మరీ చూపించారు. ఆ కొలతలు కళాకారునికి సంకెళ్ళు కారాదని కూడా ఆయనే హెచ్చరించారు. అంతకుముందు మద్రాసు కళాశాలను నడిపి, తర్వాత కలకత్తా వెళ్ళిన హావెల్ ఆయనకు అండ. మోడల్‌ను ఎదుట పెట్టుకొని గీయడం పాశ్చాత్యుల పద్ధతి, చూసి మనసులో నిలుపుకొని తర్వాత గీయడం మన పద్ధతి, అనే విభజన ఆ రోజుల్లో బలపడింది. ఈ విభజన తెలుగు చిత్రకళా విమర్శలోకి కూడా దిగింది. 1920ల్లో మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటోపాధ్యాయ బోధించిన వంగ సంప్రదాయాన్ని ఒక వైపు, రాజమండ్రి దామెర్ల రామారావును మరొక వైపు నిలిపి చూడడం మనకు అలవాటయింది.

ఈ విభజనతో మేము ఏకీభవించలేము. కారణం దామెర్ల చిత్రాలే. 1897లో పుట్టిన రామారావుకు రాజమండ్రి కళాశాల ప్రధానాచార్యులూ స్వయంగా చిత్రకారులూ అయిన ఆస్వాల్డ్ కూల్డ్రే తోడ్పాటు దొరికింది. 1916లో బొంబాయి జె.జె. కళాశాలలో చేరారు. అప్పుడు అక్కడ బోధకుల్లో ఒకరు ధురంధర్. ఆయన ఆ కళాశాలలోనే చదివి, అక్కడే చిరకాలం బోధిస్తూ, బయట ఎడతెరిపి లేకుండా చిత్రాలు వేసిన మనిషి. రామారావు చదువు ముగిసే దశలో, అంటే 1919-20 ప్రాంతంలో, గ్లాడ్‌స్టన్ సాలమన్ ఆ కళాశాల పగ్గాలు పట్టి నగ్న మోడల్‌ను చూసి గీసే లైఫ్ క్లాసును ప్రవేశపెట్టారు. దానిపై అప్పట్లో వాదోపవాదాలు జరిగాయి. అదే సాలమన్ విద్యార్థుల చేత భారతీయ విషయాలతో పెద్ద కుడ్యచిత్రాలు వేయించారన్నదీ మరువరాదు.

రాజమండ్రిలో దామెర్ల పేరిట ఉన్న చిత్రశాలకు యానాం విద్యార్థులు ఒక్కపూటలో వెళ్ళి రావచ్చు. 'పుష్పాలంకరణ', 'నందిపూజ', 'సిద్ధార్థ రాగోదయం' చిత్రాలను చూసేటప్పుడు ముఖాలను వదిలి పాదాల దగ్గర మొదలుపెట్టమని మా సలహా. ఆ స్త్రీమూర్తులు నేలను తొక్కి నిలిచి ఉన్నారు. వంపు ఉంది, అజంతా తలపుకు వస్తుంది, రేఖ మెత్తగా సాగుతుంది. అయినా ఏ కాలి మీద బరువుందో వేలు పెట్టి చూపవచ్చు. ఇది ఉపమానం చదివి గీసిన నడుము కాదు. ఎదుట నిలిచిన మనిషి నడుమును చూసి, తర్వాత అజంతా వైపు నడిపించినది. చూసి గీయడమూ తలచి గీయడమూ అక్కడ ఒకే చేతిలో ఉన్నాయి.

అయితే మెచ్చుకోలుతో ఆగిపోతే విమర్శ కాదు. దామెర్ల బహుపాత్ర చిత్రాల్లో ఒక లోపం మాకు కనిపిస్తూనే ఉంది. నలుగురు స్త్రీలున్న చోట నలుగురూ ఒకే మనిషి, నాలుగు పోజుల్లో నిలబెట్టినట్టు అనిపిస్తారు. మెడ, ముంజేయి, చెక్కిలి మారవు. స్టూడియోలో నేర్చిన శరీరజ్ఞానం ఒక శరీరం దగ్గర స్థిరపడిపోయిందా? ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే 1925లో మశూచికానికి బలైన మనిషిని ఈ ప్రశ్న అడగడం న్యాయం కాదేమో. ఇంకొక పదేళ్ళు ఉంటే తనే విడిపించుకునేవారని నమ్ముతున్నాము. ఆ స్వల్ప కాలంలోనే ఆయన రాజమండ్రిలో తన చుట్టూ విద్యార్థులను చేర్చుకొని, తాను వేస్తూ వాళ్ళ చేత వేయించారు. ఆయన పోయిన తర్వాత ఆ బోధనను వరదా వెంకటరత్నం కొనసాగించారు.

మద్రాసు కథ ఇంకా చిత్రమైనది. 1850లో అలెగ్జాండర్ హంటర్ ప్రారంభించిన కళాశాలకు 1929లో దేవీప్రసాద్ రాయ్ చౌధురి ప్రధానాచార్యులుగా వచ్చారు. ఆ పదవిలో తొలి భారతీయులు ఆయనే. చిత్రకళలో ఆయన అవనీంద్రుల శిష్యులు. గురువు మోడల్ వద్దన్న సంప్రదాయానికి ఆద్యుడైతే, శిష్యుడు మద్రాసుకు వచ్చి మోడల్ ఎదుట కూర్చోవడాన్ని విద్యలో భాగం చేశారు! చిత్రకారుడుగానే కాక శిల్పిగా కూడా పని చేసే మనిషికి ఎదుట శరీరం లేకుండా పొద్దు గడవదు. 1957 వరకు ఆ కళాశాల ఆయన చేతిలో ఉంది. విద్యార్థి బొమ్మ దిద్దే చేయీ, కంచు విగ్రహానికి మట్టి మెత్తే చేయీ ఒకటే.

చెన్నై మెరీనా తీరాన ఆయన 'శ్రమ విజయం' శిల్పాన్ని మన విద్యార్థుల్లో చాలామంది రోజూ బస్సులోంచి చూస్తారు. 1959లో ప్రతిష్ఠించినది. నలుగురు మనుషులు ఒక బండను కదిలించబోతున్నారు. దీనికి మోడల్‌గా నిలిచినవారు కళాశాల రాత్రి కాపలాదారు ఒకరూ, ఒక విద్యార్థీ అని చెన్నైలో ప్రసిద్ధి. అంటే ఉన్న ఇద్దరే నలుగురయ్యారు. దామెర్లలో మేము చూపిన పునరుక్తి ఇక్కడ ఎందుకు బాధించదు? మాకు తోచిన సమాధానం ఇది. ఇక్కడ ఒక్కొక్కరి పని వేరు. ఒకడు నెడుతున్నాడు, ఒకడు ఎత్తుతున్నాడు. బరువు ఒక్కొక్కరి ఒంట్లో ఒక్కొక్క దారిన దిగుతున్నది. శరీరం ఒకటే అయినా క్రియ వేరు కనుక మనిషి వేరవుతున్నాడు. కొంత నాటకీయత ఎక్కువైందనే ఆక్షేపణ ఉండనే ఉంది, కండలు కొన్నిచోట్ల ఉపన్యసిస్తున్నాయి. అయినా ఆ పాదాలు ఇసుకలో దిగబడ్డాయన్నది కాదనలేము.

ఇంతటి బలమైన చేయి గల గురువు దగ్గర చదివినవారంతా ఆయన నకళ్ళు కావలసింది. కాలేదు. విజయనగరం అంట్యాకుల పైడిరాజు ఆయన దగ్గరే చదివి తిరిగి వెళ్ళి తెలుగు పల్లె స్త్రీలను తనదైన రేఖలో వేశారు. నాగలాపురంలో బాల్యం గడిపిన కె. శ్రీనివాసులు కొయ్యబొమ్మల దగ్గరికి, లేపాక్షి గోడల దగ్గరికి వెళ్ళి, చదునైన రంగుల బొమ్మ తయారుచేసుకున్నారు. ఆయన చిత్రాల్లో కండరం అన్నదే కనపడదు. రాయ్ చౌధురి తర్వాత ప్రధానాచార్యులైన కె.సి.ఎస్. పణిక్కర్ ఇంకా దూరం వెళ్ళారు. 1963 నుంచి ఆయన వేసిన 'పదాలు, ప్రతీకలు' చిత్రమాలలో చదవడానికి వీలుకాని లిపీ రేఖా కలిసిపోయాయి. వ్రాయడమూ గీయడమూ మళ్ళీ ఒకటయ్యాయి! జీవితమంతా డ్రాయింగు బోధించిన మనిషి చివరకు మన భాషల పాత ధాతువు దగ్గరికి చేరుకున్నాడనుకోవడం భాషాశాస్త్రవేత్త చాపల్యం కావచ్చు, పాఠకులు క్షమించాలి.

కాబట్టి గురువు యాస అంటుకోవడం మొదటి దశలో దోషం కాదని మా అభిప్రాయం. అది వదలకపోతేనే చిక్కు. వదలడానికి కావలసింది గురువు మౌనం కాదు, రెండో గురువు. ఇద్దరు ముగ్గురు పని చేసేవారి మధ్య విద్యార్థి నలిగితే తన గీత తనకు దొరుకుతుంది. ఒక్కరి దగ్గరే ఏళ్ళ తరబడి కూర్చుంటే గురువు భుజాలే మిగులుతాయి. మా విద్యార్థిని పుస్తకంలో తేదీలు చూస్తే, శిల్పి ఊళ్ళో లేని నాలుగు నెలలూ చిత్రకారుల దగ్గరే నేర్చుకున్నదని తేలింది.

పని చేసే కళాకారుల బోధనలో చెడుగులు లేకపోలేదు. ప్రదర్శన దగ్గరపడితే తరగతికి రారు. వచ్చినా మనసు కాన్వాసు మీదే ఉంటుంది. తమకు చేతితో తెలిసినదాన్ని మాటలో పెట్టలేక, విద్యార్థి చేతిలోని బొగ్గు లాక్కొని తామే గీసేస్తారు. అది చూడడానికి బాగుంటుంది గాని ఆ కాగితం ఇక విద్యార్థిది కాదు. మాతృభాషా వక్తను వ్యాకరణ సూత్రం అడిగితే, అలాగే అంటాం అని చెప్పి ఊరుకున్నట్టు వీళ్ళూ ఊరుకుంటారు. గోడపటం మీది నామవాచకాలను మేము పైన కొంచెం ఎగతాళి చేశామేమో, వాటి అవసరం ఇక్కడే వస్తుంది. లండన్ స్లేడ్ కళాశాలలో తరాల విద్యార్థులకు డ్రాయింగు నేర్పిన హెన్రీ టాంక్స్ అసలు శస్త్రవైద్యుడు. ఎముక ఎక్కడుందో తెలిసి గీయించిన మనిషి. మా తరగతిలో ఆ లోటు ఉంది. పన్నెండు వారాల్లో ఒక్కసారీ అస్థిపంజరం బొమ్మ అయినా చూపించలేదు.

అయితే పెద్ద లోటు అది కాదు. మోడల్‌ను గురించి ఇంతవరకు మేము ఏమీ చెప్పలేదని పాఠకులు గమనించే ఉంటారు. మేమూ చివరి వారం దాకా గమనించలేదు. జె.జె. కళాశాలలో మోడల్‌గా పనిచేసే స్త్రీ కథను రవి జాధవ్ 2018లో 'న్యూడ్' అనే మరాఠీ చిత్రంగా తీశారు. పల్లెనుంచి కొడుకుతో ముంబయి చేరిన ఆమె, అదే పని చేస్తున్న బంధువు వెంట వెళ్ళి, కొడుకు చదువు కోసం ఆ పనిలో చేరుతుంది. మహారాష్ట్రలోని మన విద్యార్థులు దాన్ని తప్పక చూడాలి. చిత్రకళా చరిత్రలన్నీ డాంకీ మీదినుంచి రాసినవి. ఆ సినిమా అరుగు మీదినుంచి తీసినది.

మా తరగతిలో ఎక్కువ ఆదివారాలు నిలిచినది నలభై దాటిన ఒక స్త్రీ. చీర గోచీ పోసి, జుట్టు ముడివేసి నిలబడేది. అందరూ తమిళంలోనే పలకరించేవారు. మేమూ మా సహాధ్యాపకులూ వెనక వరుసలో తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం. ఆమె మోచేయి సన్నమనీ, నడుము మందమనీ, ఎడమ కాలు కుడికాలి కంటె పొట్టిగా కనిపిస్తున్నదనీ మా చర్చ. పాఠం గురించిన చర్చే, చెడ్డ ఉద్దేశం లేదు. అయినా ఎదుటి మనిషికి తెలియని భాష అన్న ధీమాతో మాట్లాడామన్నది నిజం.

చివరి ఆదివారం టీ విరామంలో కాగితాలన్నీ నేల మీద పరిచారు. ఆమె కొంగు కప్పుకొని, గ్లాసు చేత పట్టుకొని, వరుసగా చూస్తూ వచ్చి మా కాగితం దగ్గర ఆగింది. "బరువు ఈ కాలి మీద కదా సార్ ఉండింది" అన్నది. చక్కని తెలుగు. 'ఉన్నది' కాదు, 'ఉండింది', దక్షిణ మండలపు రూపం. వాళ్ళ ఇంట్లో మాట్లాడే భాషే అదట. మా సహాధ్యాపకుల ముఖం వైపు మేము, మా ముఖం వైపు ఆయన చూడలేకపోయాము. పన్నెండు వారాల మా చర్చ ఆమె ఆసాంతం విని ఉంటుంది. ఆమె దాని ప్రస్తావన తేలేదు. ఎడమ మడమ నొప్పి పెట్టేదనీ, అందుకే రెండో గంటలో బరువు కుడికాలి మీదికి మార్చుకున్నాననీ, ఆ మార్పు శిల్పిగారు పట్టుకున్నారు గాని మిగిలినవాళ్ళ బొమ్మల్లో రాలేదనీ చెప్పింది. మేము సుద్దగీతలో పాదం చూసుకొని తృప్తిపడ్డాము. పాదం అక్కడే ఉంది, బరువు మాత్రం లేదు.

తర్వాత మా విద్యార్థిని కాగితం చూసింది. లేచిన భుజాలు. "ఈ పాప బొమ్మలో నేను బెదిరినట్టుండాను" అని నవ్వింది. ఆ మాటను మా విద్యార్థిని గురువుగారికి తమిళంలో చెప్పింది. ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. బొగ్గు తీసుకోలేదు. తన సంచిలోనుంచి గుడ్డ తీసి ఆమెకు ఇచ్చి, తుడిచి మళ్ళీ చూడమన్నారు.

నిర్వాహకుల ఖర్చుల పుస్తకం ఆ రోజు బల్ల మీద తెరిచి ఉంది. కాగితాలు, బొగ్గు, టీ, మోడల్ అని వరుస. ఎవరి పేరూ లేదు. ఆమె పేరు అప్పుడు అడిగాము. చెప్పింది, పత్రికలో వేయవద్దని కూడా చెప్పింది.

కొత్త తరగతులు మొదలయ్యాయి. మా విద్యార్థిని ఇప్పుడు శిల్పి వైపు కూర్చుంటున్నది. మేమూ పేరిచ్చాము. మా సహాధ్యాపకులు మాత్రం మోకాళ్ళు సహకరించవని, డాంకీకి బదులు కుర్చీ అడిగారు.